దరఖాస్తు, సాక్ష్యం రెండూ తానే: ప్రజారోగ్య సదస్సుకు పంపే పరిశోధన సారాంశం

ప్రజారోగ్య రంగంలో చాలామంది పరిశోధన మొదటిసారి పదిమంది ముందుకు వచ్చేది ఒక సదస్సుకు పంపిన సారాంశం రూపంలోనే. ఇంటింటి సర్వేలు, ఆసుపత్రి రికార్డుల పరిశీలన, నెలల తరబడి సాగిన విశ్లేషణ, వీటన్నింటినీ సాధారణంగా 250 నుంచి 350 పదాల్లోకి కుదించి, సదస్సువారు ఇచ్చిన ఆన్‌లైన్ ఫారంలో నింపి, గడువులోగా పంపాలి. ఆ కొద్దిపాటి రాత మీద రెండు బాధ్యతలు పడతాయి. నిర్వాహకుల దృష్టిలో అది వేదిక మీద చోటు కోరే దరఖాస్తు. ఎంపికై సారాంశాల సంచికలో చేరిన తరువాత అదే శాస్త్ర రికార్డులో భాగమై, ఆ పరిశోధకులను ఎన్నడూ చూడనివారు కూడా ఉటంకించే సాక్ష్యమవుతుంది. దరఖాస్తు అనుకుని రాసేవారికి పనిని గొప్పగా చూపించాలన్న తొందర ఉంటుంది. సాక్ష్యం అనుకుని రాసేవారు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మీద దృష్టి పెడతారు. సాక్ష్యంగా గట్టిగా నిలిచే సారాంశమే దరఖాస్తుగా కూడా నెగ్గుతుందన్నది ఈ వ్యాసం చెప్పదలచిన విషయం. సమీక్ష ఎలా జరుగుతుందో, ఆ కొద్ది పదాల్లో ఏ వాక్యం ఏ పని చేస్తుందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది.

సాక్ష్యం అన్న మాట ఊరికే వాడింది కాదు. సదస్సుల్లో సమర్పించిన సారాంశాలలో ఎన్ని తరువాత పూర్తి వ్యాసాలుగా వెలువడ్డాయో పరిశీలిస్తూ వైద్య పరిశోధనల సాక్ష్యాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ఒక సమీక్షను ప్రచురించింది. 425 నివేదికల నుంచి 3,07,028 సారాంశాల సమాచారాన్ని పోగుచేసి చూస్తే, పూర్తి వ్యాసంగా ప్రచురితమైనవి 37.3 శాతమే. అంటే ఇంచుమించు మూడింట రెండు వంతుల పరిశోధనల విషయంలో బయటి ప్రపంచానికి మిగిలిన ఆధారం ఆ చిన్న సారాంశమే. అనుకూల ఫలితాలు వచ్చిన పరిశోధనలే పూర్తి వ్యాసాలుగా వెలువడే అవకాశం ఎక్కువని కూడా ఆ సమీక్ష తేల్చింది. ఒక జోక్యం, అంటే ఆరోగ్యం మెరుగుపరచడానికి చేపట్టిన చర్య, పనిచేయలేదని తేల్చిన అధ్యయనం సారాంశం దగ్గరే ఆగిపోయిందనుకుందాం. రేపు మరొకరు అదే జోక్యం మీద డబ్బు, శ్రమ పెట్టకముందు చూసుకోవడానికి దొరికేది ఆ పాతిక ముప్పై పంక్తులే. ఒక అంశం మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ క్రమపద్ధతిలో సమీక్షించేవారు సదస్సుల సారాంశాలను కూడా వెతకడానికి ఇదే కారణం. వారికి అందులో శాంపిల్ పరిమాణం, పోలిక సమూహం, అసలు సంఖ్యలు దొరకకపోతే ఆ పరిశోధన జరిగినా జరగనట్టే.

సారాంశాలకు ఇప్పుడున్న నిర్ణీత రూపం మొదటి నుంచీ ఉన్నది కాదు. ఒకే పేరాలో, రచయితకు తోచిన క్రమంలో రాసే పద్ధతే చాలాకాలం నడిచింది. అలాంటి సారాంశాలలో ముఖ్యమైన వివరాలు తప్పిపోతున్నాయని గమనించి, 1987లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ఒక నిపుణుల బృందం ఉపశీర్షికలతో కూడిన సారాంశ రూపాన్ని ప్రతిపాదించింది. ఆ తరువాత ఒక్కో రకం అధ్యయనానికి ఒక్కో మార్గదర్శక పత్రం వచ్చింది. ఏ మార్పూ చేయకుండా ఉన్నదాన్ని గమనించే పరిశీలనాత్మక అధ్యయనాలకు 2007లో స్ట్రోబ్, పాల్గొనేవారిని లాటరీ పద్ధతిలో సమూహాలుగా పంచే యాదృచ్ఛిక ప్రయోగాల సారాంశాలకు 2008లో కన్సార్ట్ అనుబంధం, క్రమబద్ధ సమీక్షల సారాంశాలకు 2013లో ప్రిస్మా అనుబంధం వెలువడ్డాయి. సదస్సు వెబ్‌సైటులో ఇచ్చే సూచనలు పొడిపొడిగా ఉన్నప్పుడు, మన అధ్యయనం ఏ కోవకు చెందుతుందో చూసుకుని దానికి సంబంధించిన పత్రాన్ని పక్కన పెట్టుకుని రాయడం మంచి పద్ధతి. సమీక్షకులలో చాలామంది మనసులో ఉండే కొలబద్దలు అవే.

సమీక్ష ఎలా జరుగుతుంది

పెద్ద సదస్సులకు వేల సంఖ్యలో సారాంశాలు వస్తాయి. వాటిని అంటువ్యాధులు, మాతాశిశు ఆరోగ్యం, ఆరోగ్య విధానం, ఆరోగ్య ఆర్థికశాస్త్రం, పర్యావరణం వంటి విభాగాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఇద్దరు ముగ్గురు సమీక్షకులకు విడివిడిగా పంపుతారు. చాలా సదస్సుల్లో రచయితల పేర్లు, సంస్థల పేర్లు సమీక్షకులకు కనిపించవు. ప్రశ్న ఎంత ముఖ్యమైనది, పద్ధతి దానికి తగినదేనా, ఫలితాలు స్పష్టంగా ఉన్నాయా, ముగింపు ఆ ఫలితాలకు కట్టుబడి ఉందా, కొత్తదనం ఏమిటి అన్న అంశాలకు మార్కులు వేస్తారు. సగటు మార్కులను బట్టి జాబితా తయారయ్యాక కార్యక్రమ కమిటీ దాన్ని చూసి, పై వరుసలో ఉన్నవాటికి మౌఖిక ప్రసంగం, తరువాతి వాటికి పోస్టర్, అంటే పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద ప్రదర్శించి పక్కన నిలబడి వివరించే అవకాశం, ఇస్తుంది. మౌఖిక ప్రసంగాలను విషయాలవారీగా గుచ్చి సెషన్లుగా కూర్చవలసి ఉంటుంది కనుక, మంచి మార్కులు వచ్చిన సారాంశం కూడా ఏ సెషన్‌లోనూ ఇమడక పోస్టర్‌గా మారవచ్చు. దీన్ని తక్కువ చేసినట్టు భావించనక్కరలేదు. పది నిమిషాల ప్రసంగం తరువాత ఒకటి రెండు ప్రశ్నలకే సమయం ఉంటుంది. పోస్టర్ దగ్గర అదే విషయం మీద పనిచేసేవారు ఆగి అరగంట మాట్లాడతారు. ప్రజారోగ్యంలో సహకారాలు ఎక్కువగా మొలకెత్తేది అక్కడేనన్నది నా అభిప్రాయం.

సమీక్షకులు ఈ పనిని జీతం తీసుకోకుండా, తమ ఉద్యోగం చేసుకుంటూ, కొద్ది రోజుల వ్యవధిలో పదుల సారాంశాలు చదివి చేస్తారు. ఒకే సారాంశానికి ఇద్దరు సమీక్షకులు బాగా తేడాగా మార్కులు వేయడం మామూలు విషయం. ముగ్గురిలో ఒకరికి ఆ విషయం మీద లోతైన అవగాహన ఉంటే మరొకరికి అది పక్కరంగం కావచ్చు. కాబట్టి సారాంశాన్ని ఆ విషయం తెలిసిన నిపుణుడు తప్పుపట్టలేనంత కచ్చితంగా, పక్కరంగం వాడు కూడా ఒక్కసారి చదివి గ్రహించేంత తేటగా రాయాలి. ఒక జిల్లాలోనో ఒక కార్యక్రమంలోనో మాత్రమే వాడుకలో ఉండే పొడి అక్షరాల పేర్లు, విస్తరించకుండా వదిలేసిన సంక్షిప్తాలు పక్కరంగపు సమీక్షకుడిని మొదటి రెండు వాక్యాల్లోనే దూరం చేస్తాయి. ఆరోగ్య కార్యకర్తలకు ఇంటిపేరులా అలవాటైన పథకం పేరు మరో దేశపు సమీక్షకుడికి ఏమీ చెప్పదు. పేరు బదులు ఆ పథకం ఏం చేస్తుందో నాలుగు మాటల్లో రాయడం మేలు.

విభాగం ఎంపికను చాలామంది చివరి నిమిషంలో, ఫారం అడిగింది కదా అని చేస్తారు. అది సారాంశం ఎవరి చేతిలో పడుతుందో నిర్ణయించే ఎంపిక. క్షయ చికిత్స కోసం కుటుంబాలు పెట్టిన ఖర్చుల మీద అధ్యయనం చేశామనుకుందాం. దాన్ని క్షయ విభాగానికి పంపితే చదివేవారు చికిత్స పూర్తయిందా, మందులకు లొంగని రకం ఎంత అని వెతుకుతారు. ఆరోగ్య ఆర్థిక విభాగానికి పంపితే ఖర్చును ఎలా కొలిచారు, ఆదాయ నష్టాన్ని కలిపారా, ఏ ఏడాది ధరలకు సర్దారు అని అడుగుతారు. మన సారాంశంలో ఏ ప్రశ్నకు గట్టి జవాబు ఉందో ఆ విభాగమే సరైనది. వీలైతే ఆ సదస్సు గత సంచికల్లో అదే విభాగంలో ఎలాంటివి ఎంపికయ్యాయో చూడాలి.

ఇక సమీక్ష దాకా వెళ్లకుండానే ఆగిపోయేవి ఉంటాయి. పదాల పరిమితి దాటినవి, పేర్లు దాచవలసిన చోట సంస్థ పేరు రాసినవి, ఎథిక్స్ అనుమతి (పరిశోధన నైతికతను పరిశీలించే కమిటీ ఇచ్చేది) గడి ఖాళీగా వదిలేసినవి, గడువు దాటినవి. గడువు విషయంలో సదస్సు ఏ టైమ్ జోన్‌ను పాటిస్తోందో ముందే చూసుకోవాలి. చివరి గంటల్లో వెబ్‌సైటు నెమ్మదిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

శీర్షిక నుంచి పద్ధతి దాకా

శీర్షికలో ఏ జనాభా, ఏ అంశం, ఏ రకం అధ్యయనం అన్నవి ఉంటే చాలు. ఆకర్షణ కోసం ప్రశ్నార్థకాలు, చమత్కారాలు అవసరం లేదు. వందల శీర్షికల జాబితాలో వెతికేవారికి దొరకడమే దాని పని.

నేపథ్యానికి రెండు మూడు వాక్యాలకు మించి ఇవ్వకూడదు. మధుమేహం ప్రపంచవ్యాప్తంగా పెద్ద సమస్య అని మొదలయ్యే వాక్యం మధుమేహ విభాగం సమీక్షకుడికి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంతవరకు తెలిసినది ఏమిటి, తెలియనిది ఏమిటి, ఆ తెలియని దానిలో ఏ ముక్కకు ఈ అధ్యయనం జవాబు వెతికింది అన్నదే నేపథ్యం. దాని చివరి వాక్యంలో అధ్యయన లక్ష్యం సూటిగా కనిపించాలి. మొత్తం 300 పదాలలో సగం నేపథ్యానికే ఖర్చయిన సారాంశం కనిపిస్తే, ఫలితాల దగ్గర చెప్పడానికి ఏమీ లేదేమోనని సమీక్షకుడు అనుమానిస్తాడు. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది.

పద్ధతిలో తప్పనిసరిగా ఉండవలసినవి చెప్పడం తేలిక, మరచిపోవడం అంతకన్నా తేలిక. అధ్యయనం రకం, జరిగిన చోటు, కాలం, పాల్గొన్నవారిని ఎలా ఎంచుకున్నారు, ప్రధాన ఫలితాన్ని ఎలా నిర్వచించి కొలిచారు, విశ్లేషణ ఏ పద్ధతిలో చేశారు అన్నవి కనిపించాలి. ప్రయోగమైతే యాదృచ్ఛికంగా పంచింది వ్యక్తులనా, ఊళ్లనా, ఆరోగ్య కేంద్రాలనా అన్నది కూడా రాయాలి. ఒకే కేంద్రానికి వచ్చేవారు చాలా విషయాల్లో ఒకరికొకరు దగ్గరగా ఉంటారు కనుక, కేంద్రాలను పంచి వ్యక్తులను పంచినట్టు విశ్లేషిస్తే ఫలితం ఉన్నదానికన్నా కచ్చితంగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలు, బృంద చర్చల మీద ఆధారపడిన గుణాత్మక పరిశోధనల్లో ఎంతమందితో మాట్లాడారు, వారిని ఎందుకు ఎంచుకున్నారు, మాటలను ఎలా విశ్లేషించారు అన్నది రాయాలి. 20 మందితో చేసిన లోతైన ఇంటర్వ్యూలను శాతాల్లోకి మార్చి గణాంకాల వేషం వేయించడం ఆ పరిశోధనకు బలం ఇవ్వకపోగా ఉన్న బలాన్ని పోగొడుతుంది.

ఫలితాలు

సారాంశం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. సదస్సులకు వచ్చే సారాంశాలలో తరచు కనిపించే ఒక వాక్యం ఉంది: విశ్లేషణ జరుగుతోంది, ఫలితాలను సదస్సులో వెల్లడిస్తాం. చాలా సదస్సుల నిబంధనల్లో ఇలాంటివి ఎంపిక కావని రాసే ఉంటుంది. అలా రాయని చోట కూడా సమీక్షకుడికి మార్కులు వేయడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆరు నెలల తరువాత ఫలితం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు కదా. విశ్లేషణ పూర్తి కాలేదంటే, పూర్తయిన భాగం వరకే ప్రశ్నను కుదించి, ఆ భాగానికి సంబంధించిన సంఖ్యలతో పంపడం నిజాయితీ గల మార్గం. అదీ కుదరకపోతే వచ్చే ఏడాదికి ఆగడమే మంచిది.

సంఖ్యలు రాయడంలో ఉన్న కిటుకును ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. తట్టు టీకా రెండో డోసు గడువు దగ్గరపడిన 600 మంది పిల్లల తల్లిదండ్రులను యాదృచ్ఛికంగా రెండు సమూహాలుగా విడగొట్టి, 300 మందికి ఫోన్‌లో గుర్తుచేసే సందేశాలు పంపారని, మిగతా 300 మందికి పంపలేదని అనుకుందాం. సందేశాలు అందిన సమూహంలో 234 మంది పిల్లలు, అంటే 78 శాతం, వేళకు టీకా వేయించుకున్నారు. అందని సమూహంలో 201 మంది, అంటే 67 శాతం. ఈ ఫలితాన్ని సందేశాలు టీకా రేటును గణనీయంగా పెంచాయి అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కన్నా తక్కువ అని జోడించినా పెద్దగా తెలిసేది లేదు. తేడా 11 శాతాంశాలు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 3.9 నుంచి 18.1 అని రాస్తే, ప్రభావం ఎంత, అది ఎంత చిన్నదై ఉండవచ్చు, ఎంత పెద్దదై ఉండవచ్చు అన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. కార్యక్రమం నడిపే అధికారికి కావలసిన లెక్క కూడా అందులోంచే వస్తుంది. సుమారు 9 కుటుంబాలకు సందేశాలు పంపితే అదనంగా ఒక బిడ్డకు వేళకు టీకా అందుతుంది.

ఇవే సంఖ్యలను మరో విధంగా కూడా రాయవచ్చు. టీకా తప్పినవారు 33 శాతం నుంచి 22 శాతానికి తగ్గారు కనుక, సందేశాల వల్ల టీకా తప్పడం మూడో వంతు తగ్గింది అనవచ్చు. గణితం ప్రకారం ఇందులో అబద్ధం లేదు. కానీ 11 శాతాంశాలు అన్నదానికి, మూడో వంతు అన్నదానికి వినేవారి మనసులో పడే ముద్ర ఒకటి కాదు. సాపేక్షమైన మార్పును ఒంటరిగా వదలకుండా, రెండు సమూహాల మూల సంఖ్యలను పక్కనే ఉంచితే పాఠకుడు తన లెక్క తాను చేసుకుంటాడు. శాతంతో పాటు అది ఎంతమందిలో ఎంతమంది అన్నది రాయమని మార్గదర్శకాలు పట్టుబట్టేది అందుకే. 12 మందిలో 9 మందిని 75 శాతం అని మాత్రమే రాస్తే ఆ సంఖ్య ఎంత బలహీనమైనదో కనిపించకుండా పోతుంది. మొదట చేరినవారెందరు, చివరి దాకా మిగిలినవారెందరు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. సందేశాల సమూహంలో 60 మంది మధ్యలో జాడ తెలియకుండా పోయి ఉంటే, పైన చెప్పిన 78 శాతానికి అర్థమే మారిపోతుంది.

తేడా కనిపించని ఫలితాన్ని కూడా ఇంతే స్పష్టంగా రాయాలి. అలాంటి సందర్భాల్లో సారాంశాలు ఎలా జారిపోతాయో చూపిన అధ్యయనం ఒకటి 2010లో జామా పత్రికలో వచ్చింది. ప్రధాన ఫలితంలో గణాంకపరమైన తేడా రాని 72 యాదృచ్ఛిక ప్రయోగాల నివేదికలను పరిశీలిస్తే, వాటిలో 42 నివేదికల సారాంశాల ముగింపులో, అంటే 58.3 శాతంలో, ఫలితాన్ని ఉన్నదానికన్నా అనుకూలంగా చూపే రాత కనిపించింది. ఇది అచ్చయిన వ్యాసాల సంగతి. పూర్తి వ్యాసంలో పట్టికలైనా ఉంటాయి, పాఠకుడు సరిచూసుకోగలడు. సదస్సు సారాంశం వెనుక అలాంటి పట్టికలేవీ ఉండవు. ప్రధాన ఫలితాన్ని పక్కకు నెట్టి, అనుకోకుండా తేడా కనిపించిన ఒక ఉపసమూహాన్ని ముందుకు తేవడం, తేడా దాదాపు కనిపించింది అని రాయడం, మొదటి నుంచి చివరకు వచ్చిన మార్పును మాత్రమే చెప్పి పోలిక సమూహంలోనూ అదే మార్పు వచ్చిందన్న సంగతి వదిలేయడం, ఇవన్నీ ఆ కోవలోవే. అనుభవమున్న సమీక్షకుడు వీటిని పసిగడతాడు. పసిగట్టలేకపోతే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే అప్పుడది రికార్డులో చేరుతుంది.

ముగింపు ఎక్కడ ఆగాలి

ముగింపు వాక్యం తనకు ముందున్న సంఖ్యలు మోయగలిగినంత బరువే మోయాలి. ఒకే సమయంలో చేసిన సర్వేలో చదువుకున్న తల్లుల పిల్లలలో పోషకాహార లోపం తక్కువగా కనిపిస్తే, ఆ రెండింటికీ సంబంధం ఉందని చెప్పవచ్చు. తల్లుల చదువు వల్ల పోషకాహార లోపం తగ్గుతుందని ఆ సర్వే ఒక్కటే చెప్పలేదు. ఆదాయం, నీటి వసతి, కుటుంబ పరిమాణం వంటివి రెండింటినీ ప్రభావితం చేసి ఉండవచ్చు. అలాగే ఒక్క ఆసుపత్రిలో చేసిన అధ్యయనం ఆధారంగా జాతీయ విధానాన్ని మార్చాలని పిలుపునివ్వడం, మరిన్ని పరిశోధనలు అవసరం అన్న అరిగిపోయిన వాక్యంతో ముగించడం, రెండూ వృథాయే. ఏ పరిశోధన, ఏ ప్రశ్న మీద అవసరమో చెప్పగలిగితే చెప్పాలి. లేదంటే ఆ పదాలను ఫలితాలకు ఇవ్వాలి. అధ్యయనానికి ఉన్న ముఖ్యమైన పరిమితిని ఒక వాక్యంలో ఒప్పుకోవడం వల్ల మార్కులు తగ్గుతాయన్న భయం అనవసరం. సమీక్షకుడు దాన్ని ఎలాగూ చూస్తాడు. రచయిత కూడా చూశాడని తెలిస్తే నమ్మకం పెరుగుతుంది.

ఇక్కడ క్షేత్రస్థాయిలో పనిచేసేవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పోలిక సమూహం లేదు, పరికల్పన లేదు, అయినా ఒక కార్యక్రమాన్ని నడిపి నేర్చుకున్నది ఎంతో ఉంది అన్న పరిస్థితిలో ఉన్నవారు తమ పని సదస్సుకు పనికిరాదనుకుని ఆగిపోతుంటారు. అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సుతో సహా పలు సదస్సులు ఇలాంటి వారి కోసం వేరే రూపాన్ని ఇస్తాయి. అందులో పద్ధతి, ఫలితాల స్థానంలో కార్యక్రమ వివరణ, నేర్చుకున్న పాఠాలు, తదుపరి అడుగులు ఉంటాయి. ఈ రూపంలోనూ సంఖ్యలు కావాలి. ఎంతమందికి చేరింది, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంత సిబ్బంది పట్టింది అన్నవి లేకుండా పాఠాలు మాత్రమే రాస్తే అది ప్రచార కరపత్రంలా కనిపిస్తుంది. అనుకున్నట్టు జరగని భాగాన్ని రాసిన కార్యక్రమ సారాంశాలు వేరేచోట అదే పని మొదలుపెట్టేవారికి అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. ప్రజారోగ్య సదస్సులు ఇలాంటి సారాంశాలకు ఇప్పుడున్నదానికన్నా ఎక్కువ చోటు ఇవ్వాలని గట్టిగా కోరుకుంటాను.

పేర్లు, అనుమతులు

రచయితల జాబితాలో ఎవరుండాలన్న దానికి వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన రూపకల్పనలో గానీ సమాచార సేకరణలో గానీ విశ్లేషణలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాతలో లేదా దాన్ని విమర్శనాత్మకంగా సరిదిద్దడంలో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, మొత్తం పనికి జవాబుదారీ వహించడానికి ఒప్పుకోవాలి. నాలుగూ నెరవేరాలి. సదస్సు గడువు ముంచుకొచ్చినప్పుడు మూడో షరతు మాయమవుతుంది. తమ పేరుతో సారాంశం వెళ్లిందని ఎంపికయ్యాక తెలుసుకునే సహరచయితలు తక్కువేమీ కాదు. అందరి లిఖితపూర్వక ఆమోదం తీసుకోవడానికి కనీసం వారం ముందు ప్రతి సిద్ధంగా ఉండాలి. కృత్రిమ మేధ సాధనాలకు రచయిత స్థానం ఇవ్వకూడదని అదే కమిటీ 2023లో స్పష్టం చేసింది. భాషను సరిదిద్దడానికి వాటిని వాడితే సదస్సు నిబంధన ప్రకారం వెల్లడించాలి.

ప్రజారోగ్యంలో రచయితల జాబితాకు మరో కోణం ఉంది. ఒక ప్రాంతంలో భాష తెలిసి, జనంతో నమ్మకం కూడగట్టి సమాచారం సేకరించినవారి పేర్లు లేకుండా, బయటి సంస్థ నిపుణుల పేర్లతో మాత్రమే సారాంశం వెళ్లడం పాత రుగ్మత. సేకరణలో పాత్ర ఉన్నవారికి రాతలో పాల్గొనే అవకాశం ఇవ్వకుండా, రాతలో పాల్గొనలేదు కనుక రచయితలు కారనడం ఆ నాలుగు షరతులను తలకిందులుగా వాడటమే. రాత మొదలయ్యే నాడే వారిని పిలవాలి.

మనుషుల మీద చేసిన పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి వివరం, క్లినికల్ ప్రయోగం అయితే రిజిస్ట్రేషన్ సంఖ్య ఇవ్వాలి. అనుమతి అవసరం లేదనుకుంటే, ఆ మాట కూడా కమిటీ చేతే చెప్పించుకోవాలి. చిన్న ఊరి పేరు, అరుదైన వ్యాధి, వయసు మూడూ ఒక్కచోట రాస్తే, పేరు రాయకపోయినా ఆ మనిషి ఎవరో ఆ ఊరివారికి తెలిసిపోతుంది. హెచ్‌ఐవి, మానసిక ఆరోగ్యం, గృహహింస వంటి విషయాల్లో ఇది నిజమైన ప్రమాదం. ఊరి పేరు బదులు ప్రాంతం స్వభావం రాస్తే సరిపోతుంది.

సదస్సు, పత్రిక, మీడియా

సదస్సుకు పంపితే పత్రికలు మళ్లీ తీసుకోవేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది. ఇతరచోట్ల ప్రచురితమైన పరిశోధనను స్వీకరించబోమని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో పెట్టిన నియమం చాలా పత్రికలకు ఆదర్శమైంది. ఆ భయం అక్కడి నుంచి వచ్చిందే. అయితే సదస్సు సారాంశాన్ని, పోస్టర్‌ను ముందస్తు ప్రచురణగా పరిగణించనక్కరలేదని సంపాదకుల కమిటీ సిఫారసులు చెబుతున్నాయి. పత్రికకు పంపేటప్పుడు ఆ సంగతి తెలియజేస్తే సరిపోతుంది. జాగ్రత్త అవసరమైనది మరో చోట. పెద్ద సదస్సులు ఎంపికైన సారాంశాల మీద ఎంబార్గో పెడతాయి. ప్రదర్శన సమయం వరకు ఫలితాలను మీడియాకు గానీ సామాజిక మాధ్యమాలకు గానీ ఇవ్వకూడదు. ఒకే సారాంశాన్ని ఒకే సమయంలో రెండు సదస్సులకు పంపడాన్ని చాలామంది నిర్వాహకులు ఒప్పుకోరు. కొందరు ఇంతకు ముందు సమర్పించిన దాన్ని కూడా, ఆ మాట వెల్లడిస్తే అనుమతిస్తారు. నిబంధన చదివి తీరాలి.

మామూలు గడువు ముగిసిన తరువాత తేలిన ముఖ్య ఫలితాల కోసం కొన్ని సదస్సులు ఆలస్యపు విభాగాన్ని తెరుస్తాయి. ఇది గడువు తప్పినవారికి ఇచ్చే రెండో అవకాశం కాదు. అప్పటికి ఫలితం అందుబాటులో లేదని, అది వేచి ఉండలేనంత ముఖ్యమైనదని చూపాలి. సదస్సు వేదిక మీద వచ్చే కొత్త సమాచారం ఎంత వేగంగా వైద్యాన్ని మార్చగలదో 1996 జులైలో వాంకూవర్‌లో జరిగిన 11వ అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు చూపింది. ప్రోటియేజ్ నిరోధకాలతో (వైరస్ పెరగకుండా అడ్డుకునే ఒక రకం మందులతో) కూడిన మిశ్రమ చికిత్స ఫలితాలు అక్కడ చర్చకు వచ్చాక హెచ్‌ఐవి చికిత్స దిశే మారిపోయింది. అలాంటి వేదికల విలువను సొమ్ము చేసుకునే నకిలీ సదస్సులూ పుట్టుకొచ్చాయి. పంపిన మరునాడే ఎంపికైందని జవాబు వచ్చినా, ప్రజారోగ్యం నుంచి యంత్రశాస్త్రం దాకా అన్నీ ఒకే సదస్సులో ఉన్నా, ప్రముఖుల పేర్లు వారికి తెలియకుండా ప్రకటనల్లో కనిపించినా అనుమానించాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో పత్రికలు, సదస్సులు నడిపే ఒమిక్స్ గ్రూపు మీద వేసిన కేసులో పత్రికలతో పాటు సదస్సుల గురించిన మోసపూరిత ప్రకటనలు కూడా ఆరోపణలుగా ఉన్నాయి. 2019లో కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పునిచ్చింది. నిర్వహిస్తున్న వృత్తి సంఘం ఏది, గత సదస్సుల కార్యక్రమ పత్రాలు దొరుకుతున్నాయా అని ఒక గంట వెతికితే ఈ ఉచ్చు నుంచి చాలావరకు తప్పించుకోవచ్చు.

ఎంపిక ఉత్తరం వచ్చాక చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చాలా సదస్సుల్లో సమర్పించే వ్యక్తి నిర్ణీత తేదీలోగా నమోదు రుసుము కట్టకపోతే సారాంశాన్ని కార్యక్రమం నుంచి తీసేస్తారు. ప్రయాణ సహాయం కావలసినవారు దానికి సారాంశంతో పాటే దరఖాస్తు చేయవలసి ఉండవచ్చు. ఎంపికయ్యాక అడిగితే గడువు ముగిసిపోయి ఉంటుంది. వీసాకు పట్టే కాలాన్ని ముందే లెక్కవేసుకుని, వెళ్లలేని పరిస్థితి వస్తే బదులుగా సమర్పించే సహరచయితను ముందుగానే అనుకోవాలి. చెప్పకుండా రాకపోవడాన్ని నిర్వాహకులు తేలికగా తీసుకోరు. ఎంపిక కాకపోతే సమీక్షకుల వ్యాఖ్యలు ఇచ్చారేమో చూసి, ఇస్తే వాటిని పూర్తి వ్యాసం రాసేటప్పుడు వాడుకోవాలి. మార్కుల్లో అదృష్టం పాలు ఉంటుంది కనుక, ఒక సదస్సు కాదన్న సారాంశాన్ని సరిదిద్ది మరోచోటికి పంపడంలో తప్పు లేదు.

సారాంశం పంపిన నాటికి, వేదిక ఎక్కే నాటికి మధ్య సాధారణంగా కొన్ని నెలలు గడుస్తాయి. ఈలోగా సమాచారం శుభ్రపడి, మరికొందరి వివరాలు చేరి, సంఖ్యలు మారవచ్చు. మారితే సంచికలో అచ్చయిన సంఖ్య ఇది, ఇప్పటి సంఖ్య ఇది, తేడాకు కారణం ఇది అని పోస్టర్ మీదనో మొదటి స్లయిడ్ మీదనో స్పష్టంగా రాయాలి. తప్పు పెద్దదైతే సవరణ అచ్చు వేయమని, లేదా సారాంశాన్ని ఉపసంహరించమని నిర్వాహకులను రాతపూర్వకంగా కోరాలి. సంచికలోని పాత సంఖ్యనే ఎవరో ఉటంకించే అవకాశం ఉంది కనుక, తరువాత వచ్చే పూర్తి వ్యాసంలో కూడా ఆ సారాంశాన్ని పేర్కొని, సంఖ్య ఎందుకు మారిందో ఒక వాక్యంలో చెప్పాలి.